మానవ జీవితంలో సాంఘిక, భావోద్వేగ వికాస దశలు

తోటివారితో మెలిగే తీరులోనూ, తన భావోద్వేగాలను గుర్తించి, వెల్లడించి, అదుపులో ఉంచుకునే శక్తిలోనూ పుట్టుక నుంచి మరణం దాకా మనిషిలో వచ్చే క్రమబద్ధమైన మార్పులను సాంఘిక, భావోద్వేగ వికాసం అంటారు. శారీరక వికాసానికీ మేధో వికాసానికీ ఉన్నట్టే దీనికీ ఒక వరుస ఉంది. నవ్వడం, కొత్తవారిని చూసి బెదరడం, మారాం చేయడం, స్నేహితులతో జట్టు కట్టడం, తానెవరో తేల్చుకోవడం, తోడును వెతుక్కోవడం, బిడ్డలను పెంచడం, గడిచిన జీవితాన్ని నెమరు వేసుకోవడం ఈ వరుసలో కనిపించే మజిలీలు. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా సాధ్యపడేది కాదు. చంటిబిడ్డకు లోకం మీద నమ్మకం కలగాలంటే ఆ బిడ్డను పెంచే ఓపిక మరొకరిలో పండి ఉండాలి. ముసలితనంలో తృప్తి దక్కాలంటే ఆ జీవితాన్ని విలువైనదిగా చూసే తర్వాతి తరం ఉండాలి. ఒక దశలోని మనిషి ఎదుగుదల మరో దశలోని మనిషి మీద ఆధారపడి ఉంటుందన్న ఈ సత్యమే వికాస దశల అధ్యయనమంతటికీ మూలసూత్రం.

ఈ రంగంలో అత్యంత ప్రసిద్ధి పొందినది ఎరిక్ ఎరిక్‌సన్ ప్రతిపాదించిన మనోసాంఘిక వికాస సిద్ధాంతం. డి.ఎడ్., బి.ఎడ్. చదివినవారికీ, టెట్, డీఎస్సీ పరీక్షలు రాసేవారికీ ఇది ఎనిమిది గళ్ల పట్టికగా సుపరిచితమే. ఆ పట్టిక వెనుక ఉన్న జీవితాలు, పరిశోధనలు, వాదోపవాదాలు అంతగా ప్రచారంలోకి రాలేదు.

సిద్ధాంత నేపథ్యం

వ్యక్తిత్వానికి పునాది బాల్యంలోనే పడుతుందని సిగ్మండ్ ఫ్రాయిడ్ చెప్పాడు. ఆయన వివరించిన దశలు కౌమారంతో ముగిసిపోతాయి. మనిషి ఆ తర్వాత కూడా మారుతూనే ఉంటాడనీ, ఆ మార్పులో సమాజానికి పెద్ద పాత్ర ఉందనీ చూపినవాడు ఎరిక్‌సన్. ఆయన 1902లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు. తల్లి డెన్మార్క్‌కు చెందిన యూదు స్త్రీ. కన్నతండ్రి ఎవరో ఆయనకు చివరిదాకా తెలియలేదు. పిల్లల వైద్యుడైన సవతి తండ్రి ఇంటిపేరుతోనే పెరిగాడు. నీలి కళ్లు, బంగారు రంగు జుట్టు ఉండటం వల్ల యూదుల ప్రార్థనా మందిరంలో పరాయివాడిగా, బడిలో యూదుడిగా వేలెత్తి చూపించుకున్నాడు. తానెవరన్న ప్రశ్న ఆయన శాస్త్రానికి కేంద్రమైందంటే అందులో ఆ బాల్యం పాత్ర చిన్నది కాదు.

చిత్రకారుడు కావాలని యూరప్‌లో తిరిగిన ఎరిక్‌సన్ 1927లో వియన్నా చేరి, ఒక చిన్న బడిలో పాఠాలు చెబుతూ ఫ్రాయిడ్ కుమార్తె అన్నా ఫ్రాయిడ్ వద్ద మనోవిశ్లేషణ నేర్చుకున్నాడు. నాజీలు అధికారంలోకి వచ్చిన 1933లోనే అమెరికా వెళ్లి, బోస్టన్‌లో పిల్లలకు వైద్యం మొదలుపెట్టాడు. దక్షిణ డకోటాలోని సూ తెగవారి మధ్య, ఉత్తర కాలిఫోర్నియాలోని యురోక్ తెగవారి మధ్య పిల్లల పెంపకాన్ని పరిశీలించాడు. అమెరికా పౌరసత్వం తీసుకున్న సమయంలో ఎరిక్‌సన్ అన్న ఇంటిపేరును తానే ఎంచుకున్నాడు. 1950లో వెలువడిన ‘చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ’ గ్రంథంలో ఎనిమిది దశలను ప్రకటించాడు. ఈ ఆలోచన రూపుదిద్దుకోవడంలో ఆయన భార్య జోన్ ఎరిక్‌సన్ ఆద్యంతం భాగస్వామి.

ఎరిక్‌సన్ దృష్టిలో ప్రతి దశలోనూ మనిషికి ఒక సంఘర్షణ ఎదురవుతుంది. అందులో మంచి వైపు మొగ్గు ఎక్కువగా ఉంటే ఒక సుగుణం అలవడుతుంది. చెడు వైపు కూడా కొంత అవసరమే. అపనమ్మకం బొత్తిగా లేని పిల్లవాడు ఎవరు పిలిస్తే వారి వెంట వెళ్లిపోతాడు.

ఎనిమిది దశలు స్థూలంగా ఇవి:

1. నమ్మకం – అపనమ్మకం: పుట్టుక నుంచి సుమారు ఏడాదిన్నర వరకు. అలవడే సుగుణం ఆశ.
2. స్వేచ్ఛ – సిగ్గు, సందేహం: ఏడాదిన్నర నుంచి 3 ఏళ్లు. సంకల్పం.
3. చొరవ – తప్పు చేశానన్న భావన: 3 నుంచి 6 ఏళ్లు. లక్ష్యం.
4. శ్రమశీలత – న్యూనత: 6 నుంచి 12 ఏళ్లు. సామర్థ్యం.
5. పాత్ర గుర్తింపు – పాత్ర సందిగ్ధం: కౌమారం. నిబద్ధత.
6. సాన్నిహిత్యం – ఏకాకితనం: తొలి యౌవనం. ప్రేమ.
7. ఉత్పాదకత – స్తబ్ధత: నడివయసు. సంరక్షణ.
8. సమగ్రత – నిరాశ: వార్ధక్యం. వివేకం.

ఒకదాన్నొకటి పట్టుకుని తిరిగే పళ్ల చక్రాలతో ఎరిక్‌సన్ తరాలను పోల్చాడు. పైనున్న చక్రం ఆగితే కిందిది తిరగదు. నడివయసువారి సంరక్షణే పసివారి ఆశకు ఆధారం. పెద్దలు మృత్యువుకు భయపడనంత సమగ్రంగా బతికితే పిల్లలు బతుకుకు భయపడరని కూడా ఆయన భావించాడు. పట్టికలోని మొదటి వరుసకూ చివరి వరుసకూ మధ్య ఉన్న ఈ లంకెను గమనిస్తే తప్ప సిద్ధాంతం పూర్తిగా అర్థం కాదు.

శైశవం

ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో బిడ్డ ఎదుటి ముఖాన్ని చూసి నవ్వడం మొదలుపెడుతుంది. అంతకు ముందు నిద్రలో మెరిసే నవ్వుకూ దీనికీ తేడా ఉంది. ఇది బదులు కోరే నవ్వు. సుమారు ఎనిమిదో నెల వచ్చేసరికి కొత్తముఖం చూసి ఏడవడం, అమ్మ కనుమరుగైతే బెంగపడటం కనిపిస్తాయి. బిడ్డ పిరికిదైపోయిందని పెద్దలు కంగారు పడుతుంటారు గానీ, నిజానికి తనవారెవరో, పరాయివారెవరో బిడ్డ గుర్తుపట్టగలుగుతోందని చెప్పే మేలైన గుర్తు ఇది.

తల్లీబిడ్డల బంధానికి పాలే కారణమని ఒకప్పుడు శాస్త్రవేత్తలు నమ్మేవారు. అమెరికాలో హ్యారీ హార్లో 1950వ దశకంలో రీసస్ కోతిపిల్లలపై చేసిన ప్రయోగాలు దీన్ని తలకిందులు చేశాయి. పాలసీసా అమర్చిన తీగల బొమ్మనూ, మెత్తని గుడ్డ చుట్టిన బొమ్మనూ పక్కపక్కన ఉంచితే, కోతిపిల్లలు పాలకోసం మాత్రమే తీగల బొమ్మ దగ్గరకు వెళ్లి, మిగతా సమయమంతా గుడ్డ బొమ్మనే కరుచుకుని ఉన్నాయి. ఆకలి తీరడం కన్నా స్పర్శ, ఊరట బలమైనవని తేలింది.

బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ రెండో ప్రపంచ యుద్ధానంతరం ఇల్లు కోల్పోయిన పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదిక 1951లో వచ్చింది. దాని కొనసాగింపుగా ఆయన అనుబంధ సిద్ధాంతాన్ని నిర్మించాడు. ఆపద వేళ ఆదుకునే మనిషిని అంటిపెట్టుకోవడం పసిబిడ్డ మనుగడకు పరిణామక్రమం ఇచ్చిన ఏర్పాటని వాదించాడు. ఆయన సహ పరిశోధకురాలు మేరీ ఐన్స్‌వర్త్ 1950వ దశకంలో ఉగాండా పల్లెల్లో తల్లీపిల్లలను పరిశీలించి, తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక పరీక్షను రూపొందించింది. ఏడాది వయసున్న బిడ్డను కొత్త గదిలో కాసేపు వదిలి తల్లి బయటికి వెళ్లి మళ్లీ వస్తుంది. వెళ్లినప్పుడు బిడ్డ ఎంత ఏడ్చిందన్న దానికన్నా, తల్లి తిరిగి వచ్చినప్పుడు ఏం చేసిందన్నదే ముఖ్యం. దగ్గరికి వచ్చి ఊరట పొంది మళ్లీ ఆటలో పడితే అది సురక్షిత అనుబంధం. తల్లిని పట్టించుకోకపోవడం, లేదా ఎత్తుకున్నా ఊరట చెందక విదిలించుకోవడం అభద్రతకు సూచనలు. భయమూ ఆత్రమూ కలిసి బిడ్డ ఎటూ తేల్చుకోలేని మరో రకాన్ని తర్వాత మేరీ మెయిన్, జుడిత్ సోలమన్ గుర్తించారు.

పసిబిడ్డ తన భావాలను తానొక్కటే అదుపు చేసుకోలేదు. పెద్దవారి ముఖంలో వాటికి రూపం వెతుక్కుంటుంది. ఎడ్వర్డ్ ట్రోనిక్ 1970వ దశకంలో చేసిన ప్రయోగంలో, అప్పటిదాకా ఆడించిన తల్లి కొన్ని నిమిషాలు ఏ భావమూ లేని ముఖంతో కూర్చుంటే, బిడ్డ నవ్వి, చేతులు చాచి, కేకలు వేసి, చివరికి ముఖం తిప్పుకుని ఏడ్చింది. 1985లో మరో ప్రయోగం జరిగింది. పైన గాజుపలక పరిచి, కింద లోతున్నట్టు కనిపించే బల్ల మీద ఏడాది పిల్లలను ఉంచారు. అవతలి వైపు తల్లి నవ్వుతూ ఉంటే 19 మందిలో 14 మంది దాటి వెళ్లారు. తల్లి ముఖంలో భయం కనిపించినప్పుడు ఒక్కరూ దాటలేదు.

ఈ ఆధారం దొరకని పిల్లలకు ఏమవుతుందో రొమేనియా చూపించింది. నియంత చౌషెస్కూ పాలన 1989లో కూలినప్పుడు అక్కడి అనాథాశ్రమాలు పిల్లలతో కిక్కిరిసి ఉన్నాయి. అక్కడ తిండి, పడక ఉన్నా, తమదంటూ ఒక ఒడి లేదు. 2000వ దశకం మొదట్లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా బుఖారెస్ట్‌లో 136 మంది పిల్లలతో అధ్యయనం మొదలుపెట్టారు. అందులో సగం మందిని పెంపుడు కుటుంబాలకు అప్పగించి, ఫలితాలను ఏళ్ల తరబడి పరిశీలించారు. కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లల్లో అనుబంధం, తెలివితేటలు మెరుగుపడ్డాయి. సుమారు రెండేళ్ల లోపు వెళ్లినవారికి ఎక్కువ మేలు జరిగింది.

నడక నేర్చిన ప్రాయం

నడక వచ్చిన బిడ్డకు లోకం ఒక్కసారిగా పెద్దదవుతుంది. ‘నేనే తింటా’, ‘వద్దు’, ‘నాది’ అనే మాటలు ఈ వయసుకు గుర్తులు. ఏడాదిన్నర ప్రాంతంలో పిల్లలు అద్దంలోని రూపం తమదేనని గుర్తిస్తారు. ముక్కు మీద తెలియకుండా రంగు పూసి అద్దం ముందు నిలబెడితే, అద్దాన్ని తాకకుండా తమ ముక్కునే తడుముకుంటారు. మైకేల్ లూయిస్, జీన్ బ్రూక్స్-గన్ 1979లో ప్రచురించిన ఈ పరిశోధనకు భావోద్వేగ వికాసంలో పెద్ద స్థానం ఉంది. తానంటూ ఒకరున్నారని తెలిశాకే సిగ్గు, గర్వం, బిడియం పుట్టగలవు.

అన్నం ముద్ద కింద పడినా తానే కలుపుకుని తినడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, మల మూత్రాలు అదుపు చేసుకోవడం ఈ దశలో పిల్లల విజయాలు. వాటికి సమయం ఇవ్వని పెద్దలు, పొరపాటు జరిగిన ప్రతిసారీ నలుగురిలో నవ్వే పెద్దలు పిల్లల్లో సందేహాన్ని నాటుతారు. మారాం చేయడం మొండితనం కన్నా ఎక్కువగా అశక్తతకు సూచన. కోరిక పెద్దదై, దాన్ని చెప్పే మాటా ఆపుకునే శక్తీ చిన్నవైనప్పుడు బిడ్డ నేల మీద పడి దొర్లుతుంది. ‘నీకు కోపం వచ్చింది కదూ’ అని పెద్దలు ఆ భావానికి పేరు పెట్టినప్పుడు, ముందు ముందు తనకు తాను చెప్పుకోవాల్సిన మాటను బిడ్డ నేర్చుకుంటుంది.

బడికి ముందు ఏళ్లు

మూడు నుంచి ఆరేళ్ల దాకా పిల్లల ముఖ్యమైన పని ఆట. అమెరికన్ పరిశోధకురాలు మిల్‌డ్రెడ్ పార్టెన్ 1932లో ఆటను వర్గీకరించింది. మొదట పిల్లలు ఒంటరిగా ఆడతారు. తర్వాత పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వారు ఆడతారు. చివరికి పాత్రలు పంచుకుని కలిసి ఆడతారు. బొమ్మల పెళ్లిలో ఒకరు పెళ్లికొడుకు తరఫు, ఇంకొకరు పెళ్లికూతురు తరఫు అయి మాట్లాడుతున్నప్పుడు పిల్లలు మరొకరి చోట నిలబడి ఆలోచించడం సాధన చేస్తున్నట్టే.

నాలుగేళ్ల ప్రాంతంలో ఒక పెద్ద మలుపు వస్తుంది. ఎదుటివారి మనసులో ఉన్నది నిజానికి భిన్నంగా ఉండవచ్చని పిల్లలకు తెలుస్తుంది. 1983లో హైంజ్ విమ్మర్, యోసెఫ్ పెర్నర్ దీన్ని కథ రూపంలో పరీక్షించారు. కథలోని బాలుడు చాక్లెట్ దాచి బయటికి వెళ్లాక, తల్లి దాన్ని వేరే అలమారలో పెడుతుంది. తిరిగి వచ్చాక బాలుడు ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు ఇప్పుడున్న చోటే చూపిస్తారు. కొంచెం పెద్ద పిల్లలు అతడు దాచిన చోటు చెబుతారు. సానుభూతికీ, అబద్ధానికీ, ఓదార్పుకూ ఈ అవగాహనే ఆధారం.

పెంపకం తీరుల గురించి డయానా బామ్‌రిండ్ 1960వ దశకంలో చేసిన పరిశీలనలు ఈ వయసు పిల్లల తల్లిదండ్రులపైనే మొదలయ్యాయి. ప్రేమనూ నియమాన్నీ కలిపి, కారణం చెప్పి పెంచేవారు, ఆజ్ఞలతో పెంచేవారు, అడిగిందల్లా ఇచ్చేవారు అని ఆమె మూడు రకాలు చెప్పింది. పట్టించుకోనివారిని 1983లో ఎలినార్ మాకోబీ, జాన్ మార్టిన్ నాలుగో రకంగా చేర్చారు. మొదటి తీరులో పెరిగిన పిల్లలే చొరవనూ, హద్దునూ రెంటినీ నేర్చుకోగలరని అనేక అధ్యయనాలు సమర్థించాయి.

బడి ఈడు

ఆరేళ్ల తర్వాత పిల్లలు తమను తాము పనితో కొలుచుకుంటారు. లెక్క వచ్చిందా, పరుగులో ఎన్నో స్థానం, జట్టులో ఎవరు ఎంచుకున్నారు అన్నవి వారికి జీవన్మరణ ప్రశ్నలు. కలిసి పనిచేయడంలోని ఆనందం దొరికితే సామర్థ్యం మీద నమ్మకం, నిరంతరం పోలికలకు గురైతే న్యూనత స్థిరపడతాయి. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ ప్రచురించిన పరిశోధనలో, ‘నువ్వు తెలివైనవాడివి’ అని మెచ్చుకున్న పిల్లలు ఓటమి తర్వాత త్వరగా చేతులెత్తేశారు. ‘బాగా శ్రమించావు’ అని మెచ్చుకున్నవారు కష్టమైన సమస్యల వైపు మొగ్గారు.

బాల్యంలోని కష్టం జీవితాంతం వెంటాడి తీరుతుందన్న నమ్మకాన్ని హవాయిలోని కవాయి దీవి అధ్యయనం సడలించింది. 1955లో ఆ దీవిలో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల తరబడి పరిశీలించింది. పేదరికం, ఇంట్లో కలహాలు, తాగుడు వంటి గండాలు ఎదుర్కొన్న పిల్లల్లో దాదాపు మూడో వంతు మంది సమర్థులైన, దయగల పెద్దలుగా ఎదిగారు. వారికి దన్నుగా నిలిచిన వాటిలో ముఖ్యమైనది తమను నమ్మిన ఒక పెద్దమనిషి అండ. కన్నవారు చేయలేని పనిని అమ్మమ్మో, టీచరో, పక్కింటివారో చేశారు.

కౌమారం

కౌమారాన్ని ప్రత్యేక దశగా శాస్త్రంలో నిలబెట్టింది 1904లో వచ్చిన స్టాన్లీ హాల్ గ్రంథం. ఆయన దాన్ని తుపాను కాలంగా వర్ణించాడు. కుటుంబంతో తీవ్రమైన తగవులు అందరు పిల్లల్లోనూ తప్పనిసరి కాదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. అయితే ఈ వయసులో భావాల ఉధృతి, సాహసం, తోటివారి మెప్పు కోసం తపన పెరగడం వాస్తవం. మెదడులో సంతోషానికీ ప్రతిఫలానికీ స్పందించే భాగాలు ముందుగా చురుకెక్కుతాయి. నిదానించి ఆలోచించే ముందరి భాగం పూర్తిగా పక్వం కావడానికి ఇరవయ్యో దశకం మధ్య దాకా పడుతుంది. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ కంప్యూటర్‌పై కారు నడిపే ఆటతో పరీక్షించినప్పుడు, స్నేహితులు పక్కనుంటే కౌమార వయస్కులు మరింత తెగించారు. పెద్దవాళ్ల తీరులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు.

‘నేనెవరు, ఏమవుతాను’ అన్న ప్రశ్న ఈ దశకు గుండెకాయ. కొంతకాలం వెతుక్కునే విరామం సమాజం ఇవ్వాలని ఎరిక్‌సన్ అన్నాడు. జేమ్స్ మార్షియా 1966లో ఈ ఆలోచనను నాలుగు స్థితులుగా విడదీశాడు. వెతకనూ లేక, తేల్చుకోనూ లేక ఉండటం సందిగ్ధ స్థితి. ఇంకా వెతుకుతూ ఉండటం విరామ స్థితి. వెతికి తేల్చుకోవడం సాధించిన గుర్తింపు. వెతకకుండానే ఇతరుల నిర్ణయాన్ని తనదిగా తీసుకోవడం ముందే మూసుకున్న గుర్తింపు.

ఈ నాలుగో స్థితి తెలుగు రాష్ట్రాల్లో ఎందరికో అనుభవమే. పదో తరగతి పూర్తయ్యే పదిహేనేళ్ల ప్రాయంలోనే ఎంపీసీనా బైపీసీనా అన్నది తేలిపోతుంది. తేల్చేది చాలాసార్లు పిల్లలు కారు. రెసిడెన్షియల్ కళాశాలల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో గడిపే రెండేళ్లలో ఆటకూ, స్నేహానికీ, తమను తాము పరీక్షించుకోవడానికీ చోటు దొరకదు. తల్లిదండ్రుల ఆశలో ప్రేమ ఉంది, పేదరికం నుంచి బయటపడాలన్న ఆరాటం ఉంది. అయినా ర్యాంకు ఒక్కటే గుర్తింపు అయినప్పుడు, ఆ ర్యాంకు రాని నాడు పిల్లలకు తామంటూ ఏమీ మిగలలేదనిపిస్తుంది. ఫలితాల వేళ వచ్చే విషాద వార్తలను ఈ కోణం నుంచి చూడటం అవసరం. చిన్న వయసులోనే పెళ్లి జరిగిన అమ్మాయిలదీ ఇదే పరిస్థితి. తానెవరో తెలుసుకునే విరామం లేకుండానే వారు భార్యగా, తల్లిగా పాత్రలు మోయవలసి వస్తుంది.

తొలి యౌవనం

తనను తాను పోగొట్టుకోకుండా మరొకరికి దగ్గర కాగలగడమే సాన్నిహిత్యం. ఇందులో ప్రేమ, దాంపత్యం, గాఢ స్నేహం అన్నీ ఉన్నాయి. 1987లో సిండీ హజాన్, ఫిలిప్ షేవర్ పెద్దల ప్రేమలోనూ పసితనపు అనుబంధ రీతుల పోలికలు కనిపిస్తాయని చూపారు. అవి మారనివి మాత్రం కావు. ఆదరించే భాగస్వామి దొరికినప్పుడు పాత అభద్రత తగ్గవచ్చు.

పెద్దలు కుదిర్చిన పెళ్లిలో సాన్నిహిత్యం పెళ్లి తర్వాత మొదలవుతుంది. కొద్ది వారాల పరిచయంతో ఒక ఇంటివారైన ఇద్దరు, అత్తమామల మధ్య, బంధువుల మధ్య తమదైన చోటు వెతుక్కుంటారు. పారిశ్రామిక సమాజాల్లో 18 నుంచి 25 ఏళ్ల కాలం చదువుకూ, ఉద్యోగాల మార్పుకూ, ప్రయాణాలకూ వెచ్చించే ప్రత్యేక దశగా మారిందని జెఫ్రీ ఆర్నెట్ 2000లో ప్రతిపాదించాడు. హైదరాబాద్, బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లోనూ, అమెరికాలో చదువుకునే తెలుగు యువతలోనూ ఈ దశ కనిపిస్తుంది. పదో తరగతి తర్వాత పనిలో చేరిన యువకుడి జీవితంలో ఇది కనిపించదు. దశలకు వయసు ఎంత కారణమో ఆర్థిక స్థితీ అంతే కారణం.

నడివయసు

తర్వాతి తరాన్ని నిలబెట్టాలన్న తపనను ఎరిక్‌సన్ ఉత్పాదకత అన్నాడు. సొంత పిల్లలు ఉండటమే దీనికి గుర్తు కాదు. శిష్యులకు పని నేర్పే మేస్త్రీ, ఊరి బడికి స్థలమిచ్చిన రైతు, కొత్త నర్సులకు చేయూతనిచ్చే సీనియర్ నర్సు అందరూ ఈ పని చేస్తున్నవారే. అది లేనప్పుడు మనిషి తన సుఖం, తన ఆరోగ్యం చుట్టూనే తిరుగుతూ స్తబ్ధుడవుతాడు.

‘నడివయసు సంక్షోభం’ అన్న మాట 1965లో ఎలియట్ జాక్స్ వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది. 1990వ దశకంలో అమెరికాలో మొదలైన విస్తృత సర్వేల్లో అలాంటి సంక్షోభం కొద్దిమందికే వస్తుందని తేలింది. ఎక్కువమందిని కుంగదీసేది బాధ్యతల బరువే. ఒకవైపు ఎదుగుతున్న పిల్లలు, మరోవైపు మంచాన పడిన తల్లిదండ్రులు. మన ఇళ్లలో ఈ భారం అధికంగా ఆడవారి మీదే పడుతుంది.

హార్వర్డ్‌లో 1938లో మొదలైన అధ్యయనం 268 మంది విద్యార్థులను, తర్వాత కలిసిన బోస్టన్ పేదవాడల పిల్లలు 456 మందిని జీవితాంతం వెంబడించింది. జార్జ్ వాయాంట్, ఆ తర్వాత రాబర్ట్ వాల్డింగర్ దీనికి నాయకత్వం వహించారు. యాభై ఏళ్ల వయసులో తమ అనుబంధాల పట్ల తృప్తిగా ఉన్నవారే ఎనభైలో ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారన్నది దాని ప్రధాన ఫలితం. ఈ అధ్యయనంలో మొదట చేరినవారంతా పురుషులే అన్న పరిమితిని మరవకూడదు.

వార్ధక్యం

జీవితం ఎలా గడిచినా అది తనదేనని ఒప్పుకుని, దానికి అర్థముందని చూడగలగడం సమగ్రత. సరిదిద్దుకునే కాలం మించిపోయిందన్న బాధ నిరాశ. వృద్ధులు పాత సంగతులే పదే పదే చెబుతారని ఇంట్లోవారు విసుక్కుంటారు. అది మతి చలించిన లక్షణం కానక్కరలేదనీ, జీవితాన్ని సమీక్షించుకునే సహజమైన పని అనీ అమెరికన్ వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లో వివరించాడు. ఆ సమీక్షకు వినేవారు కావాలి. మనవలు అడిగి వినే ప్రతి పాత కథా తాత చేసే ఆ పనికి సాయమే.

వృద్ధాప్యమంటే దుఃఖమే అన్న అభిప్రాయాన్ని లారా కార్‌స్టెన్సన్ పరిశోధనలు సవరించాయి. మిగిలిన కాలం తక్కువని గ్రహించినవారు పరిచయాలను తగ్గించుకుని, ఆత్మీయులతో గడపడానికి మొగ్గు చూపుతారు. ప్రతికూల భావాలు తగ్గుతాయి. దీనికి అసలు కారణం వయసు కన్నా, కాలం ముగుస్తోందన్న స్పృహ. 1997లో హాంకాంగ్ చైనాకు అప్పగించబడే ముందు అక్కడి యువకులు కూడా వృద్ధుల్లాగే ఆప్తులనే ఎంచుకున్నారు. ఏడాది తర్వాత వారి మొగ్గు మామూలుగా మారింది.

మన సంప్రదాయంలో అరవై ఏళ్లకు చేసే షష్టిపూర్తి, ఎనభై దాటాక చేసే సహస్ర చంద్ర దర్శనం పెద్దల జీవితాన్ని నలుగురి ముందు గౌరవించే సందర్భాలు. పిల్లలు విదేశాల్లో స్థిరపడిన ఇళ్లలో పండుగలు ఫోన్ తెర మీదికి మారాయి. తరాల మధ్య బంధం తెగలేదు గానీ, రోజువారీ స్పర్శ, పలకరింపు కరువయ్యాయి. ఎనభైలు, తొంభైల వయసులో శరీరం సహకరించనప్పుడు మొదటి దశలోని అపనమ్మకం, రెండో దశలోని సిగ్గు తిరిగి ఎదురవుతాయని జోన్ ఎరిక్‌సన్ గుర్తించి, తొమ్మిదో దశను చేర్చింది. భర్త 1994లో మరణించాక, 1997లో ఈ విస్తరణ ప్రచురితమైంది.

భారతీయ సందర్భం

ఎరిక్‌సన్ 1962లో జీవన చక్రంపై సదస్సు కోసం అహ్మదాబాద్ వచ్చాడు. అక్కడ 1918లో గాంధీ నడిపిన మిల్లు కార్మికుల సమ్మె ఆయనను ఆకర్షించింది. 35 శాతం వేతన పెంపు కోరిన కార్మికుల పక్షాన అనసూయా సారాభాయ్, యజమానుల పక్షాన ఆమె సోదరుడు అంబాలాల్ నిలిచిన పోరాటమది. అప్పటికి 48 ఏళ్లున్న గాంధీ నడివయసు బాధ్యతను కుటుంబం నుంచి సమాజానికి ఎలా విస్తరించాడో చూపుతూ రాసిన ‘గాంధీస్ ట్రూత్’ 1969లో వచ్చి పులిట్జర్ బహుమతి పొందింది. అహ్మదాబాద్‌లో ఎరిక్‌సన్‌ను కలిసిన సుధీర్ కక్కర్ తర్వాత మనోవిశ్లేషకుడై, 1978లో ‘ది ఇన్నర్ వరల్డ్’ రాశాడు. భారతీయ బాల్యంలో తల్లితో ఎడతెగని సాన్నిహిత్యం, ఆ తర్వాత మగపిల్లవాడు ఒక్కసారిగా పురుషుల కట్టుబాట్ల లోకంలోకి నెట్టబడటం ఆయన విశ్లేషించాడు. ఆశ్రమ ధర్మాలకూ ఎరిక్‌సన్ దశలకూ పోలికలు చూపాడు. అయితే ఆశ్రమాలు ప్రధానంగా అగ్రవర్ణ పురుషుడిని ఉద్దేశించిన ఆదర్శం. ఎరిక్‌సన్ దశలు అందరికీ వర్తించాలని చేసిన వర్ణన.

తెలుగు నేల మీద ఈ విషయమై ముఖ్యమైన ఆధారం ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం. ఇథియోపియా, పెరు, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలైన ఈ అధ్యయనంలో నాలుగు దేశాల్లో కలిపి సుమారు 12,000 మంది పిల్లలు ఉన్నారు. వారిలో దాదాపు 3,000 మంది తెలుగు పిల్లలు. పోషణ, చదువు, పని, పెళ్లి, మనోస్థైర్యం వంటి అంశాలు ఒకే పిల్లల జీవితంలో ఎలా ముడిపడతాయో ఇది చూపుతోంది.

విమర్శలు

ఎరిక్‌సన్ సిద్ధాంతం మగవారి జీవితాల ఆధారంగా నిర్మితమైందన్నది బలమైన విమర్శ. స్త్రీలలో గుర్తింపు, సాన్నిహిత్యం వరుసగా కాక కలిసి పెరగవచ్చని కరోల్ గిలిగన్ 1982లో వాదించింది. స్వతంత్రతనే పరిపక్వతగా భావించడం పాశ్చాత్య విలువ అన్నది మరో విమర్శ. టర్కీ మనస్తత్వవేత్త చీదెమ్ కాయిట్‌చిబాషి, కుటుంబానికి దగ్గరగా ఉంటూనే సొంత నిర్ణయశక్తి కలిగి ఉండటం సాధ్యమని చూపింది. ఉమ్మడి కుటుంబాల్లో పెరిగినవారికి ఈ వాదం అనుభవంతో సరిపోతుంది. అనుబంధ పరీక్షలపై 1988లో జరిగిన సమగ్ర విశ్లేషణ ఎనిమిది దేశాల 32 అధ్యయనాలను పరిశీలించి, దేశాల మధ్య కన్నా ఒకే దేశంలోని సమూహాల మధ్యే తేడాలు ఎక్కువని తేల్చింది. దశలు మెట్లు కావనీ, ఏ వయసులోనైనా పాత సంఘర్షణ తిరిగి తెరుచుకోవచ్చనీ, మానిపోవచ్చనీ నేటి శాస్త్రజ్ఞుల సాధారణ అభిప్రాయం.

ఆచరణలో

ఈ జ్ఞానం విధానాలుగా మారినప్పుడే దానికి సార్థకత. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ద్వారా వచ్చిన అంగన్‌వాడీలు పోషణతో పాటు ఆటకూ చోటివ్వాలి. 2017 సవరణతో తొలి ఇద్దరు బిడ్డల ప్రసూతికి 26 వారాలకు పెరిగిన వేతన సెలవు తల్లీబిడ్డల అనుబంధానికి రక్షణే. అసంఘటిత రంగంలో పొలంలో, ఇటుకబట్టీలో పనిచేసే తల్లికి అది అందడం లేదు. అనాథ పిల్లలను వసతిగృహాల కన్నా కుటుంబాల్లో పెంచడం మేలని 2015 బాలల న్యాయ చట్టం గుర్తించింది. 2022లో మొదలైన టెలీ మానస్ సేవ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఏ వయసువారైనా మానసిక సహాయం ఉచితంగా పొందవచ్చు. తల్లిదండ్రుల పోషణను పిల్లల బాధ్యత చేసిన 2007 చట్టం వృద్ధుల తిండికీ నీడకూ భరోసా ఇస్తుంది.

చట్టం ఇవ్వలేనిది ఓపిక. అది దొరకాలంటే పెంచేవారికీ విశ్రాంతి, ఆదాయం, ఆదరణ ఉండాలి. అలసిపోయిన తల్లికి ఆసరా ఇవ్వడం బిడ్డకు మేలు చేయడమే. టీచరు మీద పరీక్షల ఒత్తిడి తగ్గించడం తరగతిలోని పిల్లలకు ఊపిరి ఇవ్వడమే. వృద్ధులను చూసుకునే కోడలికి, కూతురికి సెలవూ సాయమూ కల్పించడం ఆ వృద్ధుల గౌరవాన్ని కాపాడటమే. ఏ వయసువారి వికాసానికి తోడ్పడాలన్నా, ముందుగా వారికి ఆధారంగా ఉన్న మనిషిని పట్టించుకోవాలని ఒక శతాబ్దపు పరిశోధన చెబుతోంది.